కుడికాలు ఆలస్యం

ఉద్యోగం మానేసి రెండేళ్లయినా నాకింకా బొమ్మల సినిమాలు వస్తూనే ఉన్నాయి. కర్నూలు నుంచి, కడప నుంచి, బద్వేలు నుంచి కూడా పిల్లలు సొంతంగా బొమ్మలు గీసి, ఫోన్లో వాటిని కదిలించి పంపిస్తారు. రెండు నిమిషాలదొకటి, మూడు నిమిషాలదొకటి. కింద ఒకటే మాట ఉంటుంది: "ఎట్లుందో చెప్పండి మేడమ్." నేను వెంటనే చెప్పను. ముందు వాళ్లనే నాలుగు ప్రశ్నలడుగుతాను. ఈమె ఎవరు? ఈ ఇల్లు ఎవరిది? ఈ కుక్క నీకు తెలిసిన కుక్కేనా? బాగుందో లేదో చెప్పమంటే ఈమె మనకే పరీక్ష పెడుతోందేమిటని కొందరు విసుక్కుంటున్నారని నాకు తెలుసు. ఈ ప్రశ్నలు నాకు పుట్టుకతో రాలేదు. ఒక బస్సు కండక్టరు వల్ల వచ్చాయి. అతని విషయంలో నేను చేసిన తప్పేమిటో చెబితే మీ విసుగు కాస్త తగ్గుతుందేమో.

నాది మైదుకూరు. బొమ్మలు బాగా గీస్తుందని చిన్నప్పుడే పేరొచ్చి, ఆ పేరు పట్టుకుని హైదరాబాదు పోయి, బొమ్మల సినిమాలు తయారుచేసే ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. అక్కడ నా పని బొమ్మలు గీయడం కాదు, ఇంకొకరు గీసిన బొమ్మల్లో తప్పులు పట్టడం. పొద్దున పోయేసరికి బల్ల మీద కాగితాల కట్టలుండేవి. వాటిని వేళ్ల మధ్య సర్రున తిప్పితే బొమ్మ కదులుతుంది. ఒక కాగితంలో గాజు ఎడమ చేతికుంటుంది, తర్వాతి దాంట్లో కుడి చేతికి పోతుంది. ఒక చోట ఆరు వేళ్లుంటాయి. అక్కడ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి వెనక్కి పంపాలి. నా కంటిని తప్పించుకున్న తప్పు లేదని అక్కడ చెప్పుకునేవాళ్లు. ఆ గర్వం ఇంటికి కూడా వచ్చేది. మా అక్క కూతురి పెళ్లి ఆల్బమ్ చూస్తూ, ఈ ఫోటోలో జడ ముందుకుంది, తర్వాత దాంట్లో వెనక్కుంది, వరస తప్పింది అన్నాను. అప్పట్నుంచి వాళ్లింటికి పోతే కాఫీ ఇస్తారు గాని ఆల్బమ్ బయటికి తియ్యరు.

కంపెనీలో చేతితో గీసే విభాగం మూసేశాక కర్నూలు వచ్చి ఒక చిన్న శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పే పనిలో చేరాను. సిమెంటు అంగడి మీద రెండు గదులు, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన ఇంకో చిన్న గది. ఆ అట్టల గదిలో శబ్దాలు రికార్డు చేయడం నేర్పే మాస్టారొకాయన ఉండేవాడు. కర్నూలు పాతబస్తీ మనిషి, నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడట. ఈయన చెవి ఆ ఇంటి ఆస్తి.

ప్రతి ఆదివారం మా సంస్థలో ఒక కూడిక జరిగేది. ఫీజు కట్టిన వాళ్లే రావాలని లేదు. సరదాగా బొమ్మల సినిమా తీసిన వాళ్లెవరైనా తెచ్చి గోడ మీద వేసి చూపించవచ్చు. అందరూ చూస్తారు, చివర నేను లోపాలు చెబుతాను. చర్చిలో కీబోర్డు వాయించే ఒక నర్సమ్మ, బ్యాంకు గుమాస్తా ఒకాయన, కాలేజీ పిల్లలు వచ్చేవాళ్లు. ఒక ఆదివారం ఖాకీ చొక్కాతోనే ఒక కండక్టరు వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. కోసిగి పక్కన పల్లె. పాత డైరీల్లో ఖాళీ పేజీలు చింపి, వాటి మీద పెన్సిలుతో బొమ్మలు గీసి, ఒక్కొక్కటీ ఫోన్తో ఫోటో తీసి, మూడు నిమిషాల సినిమా చేశాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

కథ చిన్నది. ఒక ముసలామె ఇంటికి తాళం వేస్తుంది. కోడిని పక్కింట్లో ఇస్తుంది. మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నడుస్తుంది. వలసపోయే వాళ్లతో కలిసి బస్సెక్కుతుంది. కండక్టరు చెయ్యి టికెట్ ఇస్తుంది, ఆమె చెయ్యి అందుకుంటుంది. బస్సు పోతుంది. అంతే.

సినిమా అయిపోయింది. నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం లేచి, మొదటికి తిప్పి, ఆపి ఆపి చూపించడం మొదలుపెట్టాను. తాళం ఒక బొమ్మలో పెద్దది, ఇంకో బొమ్మలో చిన్నది. కోడికి ఒకసారి తోక ఉంది, ఒకసారి లేదు. నడక దగ్గరకొచ్చేసరికి నాకు నిజంగా ఉత్సాహం వచ్చింది. ఆమె ఎడమకాలు సరిగ్గా పడుతోంది. కుడికాలు ప్రతిసారీ ఒక్క క్షణం వెనకబడి, నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"చూడండి, ఇక్కడ కుడికాలు ఆలస్యం. బొమ్మలు లెక్కపెట్టుకోకుండా గీస్తే ఇట్లే అవుతుంది" అన్నాను.

కండక్టరు సగం లేచాడు. "అది కాదు మేడమ్, ఆమె..."

"ముందు పూర్తిగా వినప్పా. తర్వాత మాట్లాడుదువు" అన్నాను.

అతను కూర్చున్నాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి నేను చెప్పినవన్నీ రాసుకున్నాడు. చివర్లో, మరీ కఠినంగా ఉండకూడదని, ఒకటి మెచ్చుకున్నాను. ఆమె ముఖం చూపించకుండా రెండు చేతులతోనే ముగించావు, అది అనుభవమున్న వాళ్లు చేసే పని అన్నాను. అతను తలూపాడు. ఆ మెప్పు కూడా ఎంత గుడ్డిదో తర్వాత తెలిసింది.

అందరూ వెళ్లాక సౌండు మాస్టారు నా దగ్గరకొచ్చాడు. "అక్కా, ఆయప్ప ఏందో చెప్పబోయినాడు. మీరు చెప్పనీలే."

"తప్పు చెప్పకపోతే ఎట్లా నేర్చుకుంటాడు?"

"చెప్పొద్దని కాదక్కా. మా నాయన రేడియో విప్పకముందు, దీన్ని యాడ పెట్టి వింటారని అడుగుతాండె. కొన్ని రేడియోలకు ఏ రోగమూ ఉండదు. పెట్టిన చోటులో ఉంటాది అంతా."

రేడియోలకూ సినిమాలకూ ఏం సంబంధమని నవ్వేసి టిఫిను డబ్బా సర్దుకున్నాను.

రెండు నెలలు అతను రాలేదు. బాధపడ్డాడేమోనని ఒకటి రెండుసార్లు అనుకున్నాను గాని, పట్టించుకోలేదు. ఒక ఆదివారం నవ్వుకుంటూ వచ్చాడు. "మీరు చెప్పినవన్నీ సరిచేసినా మేడమ్" అన్నాడు. సినిమా వేశాం. తాళం ఒకటే తాళం. కోడికి తోక కుదురుగా ఉంది. ముసలామె నడక పుస్తకంలో ఉన్నట్టే ఉంది, రెండు కాళ్లూ సమానంగా. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నర్సమ్మ కళ్లు ఈసారి పొడిగానే ఉన్నాయి. అది చూశాను గాని, ఎందుకో ఆలోచించలేదు.

సౌండు మాస్టారు వెనకనుంచి అడిగాడు. "ఏమప్పా, మనం రికార్డు చేసిన చెప్పుల సప్పుడు యాడ పాయె?"

మొదటి సినిమా చూపించే ముందు రోజు కండక్టరు ఆ అట్టల గదిలో చెప్పులు తొడుక్కుని నడిచి చప్పుడు రికార్డు చేయించుకున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

"నడక సరిచేసినా గదా సార్. దానికి ఆ సప్పుడు కుదర్లే. కంప్యూటర్లో ఉండే సప్పుడు ఏసినా."

"ఆ చెప్పులు ఆడోళ్లవి గదా. ఎవరివప్పా?"

"మాయమ్మవి."

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. అతను అదేదో పెద్ద సంగతి కానట్టు చెప్పుకుపోయాడు. "బాయి కాడ జారిపడినప్పట్నుంచి ఆమెకు కుడికాలు సరిగా రాదు. అట్లనే ఈడ్చుకుంటా నడుస్తాండె. పోయినేడు కాలం చేసింది." తర్వాత నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "మీ పున్నెమా అని సినిమాలోనన్నా మాయమ్మ కాలు బాగైంది మేడమ్."

నాకు కూర్చోవాలనిపించింది. కుర్చీ వెనకే ఉన్నా కనబడలేదు, నర్సమ్మ జరిపి కూర్చోబెట్టింది.

కాసేపటికి అడిగాను. ఎనిమిది వారాల కింద అడగాల్సిన మాట అది. "ఆ బస్సులో కండక్టరు నువ్వేనా?"

"నేనే. ఉద్యోగమొచ్చి నెల కూడా కాలే. ఇంగ పోవద్దుమా అంటే, ఈ ఒక్క యేడు పోయొస్తాలే అనింది. నా బస్సే ఎక్కింది. ఊరోళ్లంతా ఉండారు. నేను ఖాకీ చొక్కా ఏసుకోని నిలబడుంటే మాయమ్మ మూట నెత్తిన పెట్టుకోని మిరపకాయలు కోసేకి పోతాంది. తలెత్తలేకపోయినా మేడమ్. టికెట్ చేతిలో పెట్టి ముందుకు పోయినా."

అందుకే సినిమా చివర ఆమె ముఖం లేదు. అతను చూడనిది అతనెట్లా గీస్తాడు? నేనేమో దాన్ని పనితనం అన్నాను.

"పాత బొమ్మలున్నాయా?" అన్నాను.

లేవు. కొత్త కాగితాలెందుకని అవే కాగితాల మీద రబ్బరుతో చెరిపి మళ్లీ గీశాడు. ఫోన్లో చోటు లేక పాత ఫోటోలు తీసేశాడు. పెన్‌డ్రైవులో పాత సినిమా మీదే కొత్తది ఎక్కించాడు. మా కంప్యూటర్లలో ఉంటుందేమోనని మాస్టారూ నేనూ ఆ సాయంత్రం అంతా వెతికాం. వైరస్ భయంతో వాటిని తరచూ తుడిచేయించేవాళ్లం. ఏమీ మిగల్లేదు. పద్దెనిమిదేళ్లలో నేను వేల బొమ్మల మీద ఎర్ర గుర్తు పెట్టాను. ఒక తల్లి నడకను నేల మీద లేకుండా తుడిపించింది మాత్రం ఆ ఒక్కసారే.

"పోనీలేండి మేడమ్" అన్నాడు కండక్టరు. "నా తలకాయలో ఉండాది గదా." అని బస్సు టైమయిందని లేచాడు.

అప్పుడు మాస్టారు అట్టల గదిలోంచి కేకేశాడు. "నిలబడప్పా. ఒక్క నిమిషం."

ఆయన కంప్యూటరు వేరు. దాన్ని ఎవరినీ తుడవనిచ్చేవాడు కాదు. తలుపు తెరిచి, శబ్దం పెంచాడు. చెప్పు పడిన చప్పుడు. తర్వాత నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడు, దాని చివర మెత్తగా ఇంకో అడుగు. మళ్లీ వెంటనే మొదటి చెప్పు. మళ్లీ ఈడుపు. కళ్లు మూసుకుంటే మా ముందునుంచి ఒక మనిషి నడిచిపోయింది. కండక్టరు ద్వారబంధం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

నా చదువు పనికొచ్చింది అప్పుడే. అతని సినిమాలో సెకనుకు పన్నెండు బొమ్మలు. ఆ చప్పుళ్ల మధ్య ఎంత కాలముందో కొలిచి చూస్తే, ఎడమకాలు పడ్డాక కుడికాలు పడటానికి తొమ్మిది బొమ్మలు కావాలి, కుడి తర్వాత ఎడమకు అయిదు చాలు. నొప్పి కాలు మీద ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి మంచికాలు తొందరగా పడుతుంది. నేను ఆలస్యం అన్నదానికి అంత కచ్చితమైన లెక్క ఉంది. అతను ఏ పుస్తకమూ చదవకుండా, తల్లి వెనక నడిచి నడిచి ఆ లెక్క పట్టుకున్నాడు.

అతనికి గురువారం సెలవు. నాలుగు గురువారాలు వచ్చాడు. గది మధ్యలో బల్లలు పక్కకు జరిపి, నేను "అమ్మ ఎట్లా నడిచేదో చూపియ్యి" అన్నాను. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత కుడికాలు ఈడుస్తూ గోడ నుంచి గోడకు నడిచాడు. బొమ్మ ఒక్కటి కూడా నేను గీయలేదు. గీయాలని చెయ్యి లాగేది, పెన్సిలు మాస్టారు చేతికిచ్చి ఊరుకునేదాన్ని. అడగడం మాత్రమే చేశాను. మూట బరువా, తేలికా? నడిచేటప్పుడు మాట్లాడేదా? నేలను చూసేదా, ముందుకు చూసేదా? అడిగిన ప్రతిదానికీ అతను కళ్లు మూసుకుని కాసేపు ఆగి, మెల్లగా చెప్పేవాడు. ఒక్కోసారి జవాబు చెప్పకుండా కాగితం లాక్కునేవాడు.

నాలుగో గురువారం నడక పూర్తయింది. అతను పెన్సిలు పెట్టేసి అడిగాడు. "సరిగ్గా ఉండాదా మేడమ్?"

నా ఉద్యోగ జీవితంలో ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. "నాకు తెలీదప్పా. ఆమెను నేను చూళ్లేదు. చూసినోళ్లు యాడుంటారు?"

"మా ఊర్లో."

"అయితే వాళ్లకు చూపిద్దాం పద."

ఆ తర్వాతి గురువారం ముగ్గురం వాళ్ల ఊరికి పోయాం. కండక్టరు బస్సులో మాతో పాటు సీటులో కూర్చోవడం అలవాటు లేక దారంతా లేచి లేచి నిలబడుతూనే ఉన్నాడు. మాస్టారు ఒళ్లో స్పీకరు పెట్టుకుని దుమ్ము పడకుండా తువ్వాలు కప్పాడు. వలసపోయిన వాళ్లు అప్పుడప్పుడే ఇళ్లకు చేరుతున్న కాలం. కండక్టరు వాళ్ల చిన్నమ్మ, అంటే తల్లికి చెల్లెలు, మమ్మల్ని ఇంట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చింది. కిటికీకి దుప్పటి కట్టి, గంప బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టాం. ఆడవాళ్లు ఏడెనిమిది మంది వచ్చి కింద కూర్చున్నారు. అందరూ ఆమెతో కలిసి మిరపచేలకు పోయినవాళ్లే.

నేను తెర వైపు కాక వాళ్ల ముఖాల వైపు తిరిగి కూర్చున్నాను. నా ఎర్ర పెన్సిలుకు భయపడిన వాళ్లందరికీ ఎట్లా ఉండేదో అప్పుడు అర్థమైంది.

సినిమా మొదలైంది. ముసలామె నాలుగడుగులు వేయగానే ఒకామె, "అయ్యో, అక్క గదే!" అంది. ఇంకొకామె "ఉష్, సూడు" అంది. బస్సు పోయి తెర నల్లబడేదాకా ఎవరూ కదల్లేదు. చిన్నమ్మ దుప్పటి పక్కకు తీసి వెలుతురు రానిచ్చింది. తర్వాత చెప్పింది.

"నడక అక్కదే. కానీ నాయనా, తాళమేసినాక తలుపు ఒగసారి తోసి చూస్తాండె అక్క. నువ్వు అది పెట్టలే."

"అవును చిన్నమ్మా" అన్నాడు కండక్టరు, నోటుబుక్కు తీస్తూ.

"కోడిని ఇచ్చింది మాయింట్లో" అంది ఇంకొకామె. "ఉత్త కోడిని ఇయ్యలే. గింజలు కూడా ఇచ్చింది, దానికి నేను తిండి పెట్టనని." అందరూ నవ్వారు. కండక్టరు కూడా నవ్వి రాసుకున్నాడు.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేనామ్మా వీనికి చెప్పేది?"

"నేనే. నేను మొదట తప్పు చెప్పినాను. ఆమె నడకనే మార్పించినాను" అన్నాను.

"సూసి సెప్పినావు గదా. సూడకుండానే బాగుండాది అనేటోళ్లు శానామంది ఉంటారు." అంతే అంది. ఓదార్పుగా అనలేదు, ఉన్నమాటగా అంది. ఇన్నేళ్లలో నా పని గురించి నాకు దొరికిన మంచి మాట అదొక్కటే, దానికి నేను ఈ రోజుకీ ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత ఆమె మళ్లీ అతని వైపు చూసింది. "అవునప్పా, బస్సులో అక్క నవ్వింది గదా. అది ఏమిటికి పెట్టలే?"

కండక్టరు రాయడం ఆపాడు. "యాడ నవ్వింది?"

"నువ్వు టికెట్ ఇచ్చినప్పుడు. నేను పక్కనే కూచోనుంటి గదా. నువ్వు తలకాయ వంచుకోని ముందుకు పోయినావు. అక్క నీ చొక్కానే సూస్తా ఉండె. ఇస్త్రీ బాగుండాదే అనింది నాతో. ఎమ్మిగనూరు వచ్చేదాంకా ముందు సీటోళ్లకు, వెనక సీటోళ్లకు, నా కొడుకు, నా కొడుకు అని సెప్తానే ఉండె. నీకు తెలీదా?"

అతనికి తెలియదు. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. మాస్టారు స్పీకరు వైరు చుట్టడం మానేసి చూస్తూ ఉండిపోయాడు. కండక్టరు గోడకు వీపు ఆనించి, మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఆడవాళ్లలో ఒకామె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి అతనే అడిగాడు. "ఎట్ల నవ్వింది చిన్నమ్మా?"

"ఎట్ల నవ్వుతాది? పన్ను ఊడిపాయ గదా ముందుది, అందుకని కొంగు అడ్డం పెట్టుకోని, ఇట్ల." ఆమె తన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు చిన్నవి చేసి చూపించింది.

అతను నోటుబుక్కు తిప్పి ఖాళీ పేజీ తీశాడు. ఆమెను చూస్తూ గీయడం మొదలుపెట్టాడు. నాకు సలహాలు చాలానే తోచాయి. కొంగు మడత, కళ్ల చివర గీతలు, తల వంపు. ఒక్కటీ నోటిదాకా రానివ్వలేదు. అతను గీయడం ఆపి కాగితం చిన్నమ్మకు చూపించాడు.

ఆమె దాన్ని వెలుతురు వైపు పట్టుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అక్కే" అంది. "కానీ ఇంగొంచెం నవ్వింది నాయనా."

అతను రబ్బరు తీసి పెదాల దగ్గర మాత్రం చెరిపి, మళ్లీ గీశాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు.